మూడు గొలుసుల రోడ్డు

ఆదివారం సాయంత్రం గాలికి విరిగిన కొమ్మ మంగళవారం దాకా రోడ్డుకి అడ్డంగా అలాగే పడి ఉంది. పేరుకి కొమ్మే గాని దానికదే ఒక చెట్టంత. మొదలు దగ్గర హెస్టర్ ట్రెలోర్ నడుమంత లావుంది. హెస్టర్ సన్నపు మనిషేమీ కాదు.

సోమవారం ఎనిమిదింటికి ఆఫీసు తెరవగానే ఆవిడ కౌన్సిల్‌కి ఫోన్ చేసింది.

"చెట్టు మొదలు ఎక్కడుందండీ? రోడ్డు పక్కనా, కంచె లోపలా?" అని అడిగింది అవతలి ఆడగొంతు.

"లిండ్నర్ కంచెకి లోపల, నాలుగడుగుల దూరంలో. కొమ్మ మాత్రం రోడ్డు మీద."

"మొదలు కంచె లోపలుంటే భూమి యజమానిని అడగాలండీ."

యజమాని క్లైవ్ లిండ్నర్. రోడ్డుకి దక్షిణాన మూడువేల ఎకరాల గోధుమ పొలం అతనిది. పైగా పదకొండేళ్ళుగా కౌన్సిల్ సభ్యుడు. హెస్టర్, అతనూ ఒకే బళ్ళో చదివారు. అప్పట్లో తన మధ్యాహ్నం తిండి దాచుకుని పక్కవాడి బన్ను తినేవాడు. ఆ అలవాటుతోనే ఎదిగాడని ఆవిడ అభిప్రాయం.

"నా చెట్టెలా అవుతుంది హెస్టర్?" అన్నాడు క్లైవ్ ఫోన్లో. "అవన్నీ రోడ్డు చెట్లు. మా తాత ఇక్కడికి రాకముందు నుంచీ ఉన్నాయి. పడింది కూడా రోడ్డు మీదే. కౌన్సిల్‌ని అడుగు."

"నువ్వే కదయ్యా కౌన్సిలు!"

"నేను సభ్యుణ్ణి. రంపం పట్టుకునేవాణ్ణి కాదు."

ఆ తర్వాత ఆవిడ రాష్ట్ర రోడ్ల శాఖకి చేసింది. ఇరవై రెండు నిమిషాలు సంగీతం వినిపించి, అడిలైడ్‌లో ఎవరో అమ్మాయి ఆ రోడ్డు తమ జాబితాలోనే లేదని చెప్పింది. రోడ్డుందని నమ్మించడానికి హెస్టర్ ప్రయత్నించలేదు.

సోమవారం బడికి సెలవు. మంగళవారం పొద్దున స్కూలు బస్సు కొమ్మ దాకా వచ్చి ఆగింది. తిప్పుకునే చోటు లేక, లోపల పద్నాలుగుమంది పిల్లలతో మైలు దూరం వెనక్కి నడిచింది. డ్రైవరు తల కిటికీలోంచి బయటికి పెట్టి, మెడ నొప్పి పుట్టేలా వెనక్కి చూస్తూ తోలుతుంటే హెస్టర్ గేటు దగ్గర నిలబడి చూసింది. తర్వాత షెడ్డులోకి వెళ్ళి మోటారు రంపం దించింది.

అరవై ఏడేళ్ళ మనిషికి అది ఒక పూట పని కాదు, రెండు పూటల పని. ముందు రంపం పళ్ళకి ఆకురాయి పట్టింది. ఒక్కో పంటికి మూడేసి సార్లు, అన్నీ ఒకేవైపుకి. నూనె పోసింది. కొమ్మ చుట్టూ తిరిగి అది ఎక్కడ ఆనుకుందో, ఎక్కడ బిగదీసుకుందో చూసింది. నేలకి మోచెయ్యి ఆనించినట్టు ఒక పిల్లకొమ్మ మీద బరువంతా నిలబెట్టుకుని ఉందది. తొందరపడి ఆ మోచెయ్యి కోసినవాడు కాలో నడుమో పోగొట్టుకుంటాడు. ఆవిడ చివర్నించి మొదలుపెట్టింది. ముందు సన్న రెమ్మలు, తర్వాత చేతిలావువి. పెద్దదాన్ని కింద నుంచి కొంచెం కోసి, పైనుంచి దిగింది. కర్ర మూలిగింది, చీలింది, కూర్చుంది. ఎర్రటి లోపలి చెక్కలోంచి నీలగిరి వాసన గుప్పుమంది. మధ్యాహ్నం ఒకసారి ఆగి, ఇంట్లో ఉన్న మాంసం పేస్టీ చల్లదే తినేసి మళ్ళీ వచ్చింది.

చీకటి పడే లోపల రోడ్డు ఊడ్చింది కూడా. కర్ర పికప్ బండిలో రెండు విడతలుగా ఇంటికి చేరింది. చలికాలం పొయ్యిలోకి పనికొస్తుంది. బుధవారం పొద్దున బస్సు డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళాడు. ఆ విషయంలో ఎవరైనా అన్న మంచిమాట అంతవరకే.

శుక్రవారం కౌన్సిల్ తెల్లకారు వచ్చింది. దిగినామె లియాన్, నిబంధనల ఆఫీసరు. ముప్ఫై దాటిన మనిషి. కుక్క మొరుగుతుంటే దానికి చెయ్యి వాసన చూపించి, ఆపుచేసి, ముందు కర్రల పేర్పుకి మూడు ఫొటోలు తీసింది. ఆ తర్వాత కవరు చాపింది.

"ఏంటమ్మాయ్ ఇది?"

"నోటీసండీ. అనుమతి లేకుండా కౌన్సిల్ రోడ్డు స్థలంలోంచి కర్ర తీసుకున్నందుకు జరిమానా."

హెస్టర్ చేతులు ఆప్రానుకి తుడుచుకుంది గాని కవరు అందుకోలేదు. "సోమవారమంతా అందరికీ ఫోన్లు చేశాను. ఒక్కడంటే ఒక్కడు దాన్ని నాది అనలేదు. కోసి ఇంటికి తెచ్చేసరికి యజమాని పుట్టుకొచ్చాడా?"

"ఫిర్యాదు వచ్చిందండీ. వస్తే ఇవ్వాలి. ఇష్టపడి చేస్తున్నాననుకోకండి."

"ఇష్టపడి చేసేవాడు ఎప్పుడో ఒకప్పుడు అలిసిపోతాడు. ఇష్టం లేకుండా చేసేవాళ్ళతోనే భయం. మీకు అలుపుండదు."

లియాన్ మొహం ఎర్రబడింది. మాట అనేశాక హెస్టర్‌కి కొంచెం ఎక్కువైందనిపించింది. అయినా వెనక్కి తీసుకోలేదు. కవరు తీసుకుంది.

"ఫిర్యాదు కాపీ లోపలుంది," అంది లియాన్ కారెక్కుతూ. ఇంజను వేసి, "రెండో పేజీ కూడా చదవండి," అంది.

భోజనమయ్యాక హెస్టర్ కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. ఫిర్యాదు క్లైవ్ లిండ్నర్‌ది. ఆశ్చర్యమేమీ లేదు. వరసలో మిగిలిన తొమ్మిది చెట్లూ కొట్టేయడానికి అతను దరఖాస్తు పెట్టుకున్నాడు. కొత్త విత్తనాల యంత్రం పద్దెనిమిది మీటర్ల వెడల్పట, చెట్లుంటే తిరగదట. అంతకుముందు పదకొండు ఉండేవి. రెండేళ్ళ కిందట పొలంలో కొయ్యకాళ్ళకి నిప్పు పెట్టినప్పుడు, గాలి లేని రోజున, రెండు చెట్లు మొదళ్ళతో సహా "పొరపాటున" కాలిపోయాయి. మిగతావి కొట్టొద్దని కౌన్సిల్‌కి ఉత్తరం రాసిన మనిషి ఈ జిల్లాలో హెస్టర్ ఒక్కతే. దానికి బదులు ఇది.

రెండో పేజీలో అతని వాంగ్మూలం ఉంది, సంతకంతో. "సదరు చెట్టు నాది కాదు. అది రోడ్డు స్థలంలో ఉంది, కౌన్సిల్ సొత్తు. దాని కర్రను శ్రీమతి ట్రెలోర్ తీసుకుపోవడం నేను స్వయంగా చూశాను."

ఆవిడ ఆ మూడు వాక్యాలూ మళ్ళీ చదివింది. క్లైవ్ అలా ఎందుకు రాశాడో తెలుస్తూనే ఉంది. చెట్టు నాది అంటే, రోడ్డు మీంచి కొమ్మ తీయించడం అతని పని అయ్యేది. బస్సుకి అడ్డంపడ్డ పాపం అతనిదయ్యేది. అందుకని కౌన్సిల్‌కి అంటగట్టాడు. కాని ఆ చెట్టు అతని కంచె లోపలుంది. లోపలున్నది రోడ్డు స్థలమైతే, కంచె రోడ్డు మీదికి వచ్చినట్టే.

"ఒరే దద్దమ్మా," అంది హెస్టర్ ఖాళీ వంటింట్లో, దాదాపు ముద్దుగా.

సోమవారం ఆవిడ ఊళ్ళోకి వెళ్ళింది. కౌన్సిల్‌లో రోడ్డు పనుల డైరెక్టరు డారిల్ మోయిల్. పొలం మొహం చూడని బూట్లు, మెడలో వేలాడే నల్లకళ్ళద్దాలు. ఆవిడ కూర్చునేలోపే అర్థం చేసుకున్నట్టు తలాడించడం మొదలుపెట్టాడు.

"చూడండి హెస్టర్ గారూ, హక్కు వేరు, బాధ్యత వేరు. చెట్టు మాదే. పడిన కొమ్మ తీయాల్సిన బాధ్యత మాత్రం పరిస్థితిని బట్టి ఉంటుంది."

"ఎవరి పరిస్థితిని బట్టి, నాయనా?"

అతను నవ్వాడు. జవాబు తెలియనప్పుడల్లా నవ్వే మనిషి. ఆ నవ్వుకి జీతమిస్తారు కాబోలు అనుకుంది హెస్టర్.

"అయితే ఆ చెట్లు రోడ్డు స్థలంలోవే."

"నోటీసులో రాశాం కదండీ."

"రాశారు. మీ నోటితో కూడా విందామని."

"రోడ్డు స్థలంలోవే," అన్నాడు డారిల్ ఓపిగ్గా, పసిపిల్లకి చెప్పినట్టు.

అతని బల్ల మీద గురువారం సమావేశం కాగితాలున్నాయి. పైనున్నది క్లైవ్ దరఖాస్తు. "నా పొలంలోని తొమ్మిది చెట్ల తొలగింపు" అని పెద్ద అక్షరాలు. దాని కిందే ఆవిడ జరిమానా ఫైలు. ఒకదాంట్లో ఆ చెట్లు పొలంవి, ఇంకోదాంట్లో రోడ్డువి. రెండిటి మీదా డారిల్ పొట్టి సంతకమే ఉంది.

"జరిమానా రద్దు చెయ్యమని సమావేశంలో అడుక్కోవచ్చు," అన్నాడతను. "మీ వయసు, ఒంటరిగా ఉండటం, అవన్నీ చూస్తారు. ఫారం ఇమ్మంటారా?"

"ఇవ్వండి. అప్పుడు నా సంగతి సమావేశంలో చర్చకొస్తుందిగా."

మంగళవారం ఆవిడ కొలత టేపు, నాలుగు ఇనుప మేకులు, ఒక సుత్తి తీసుకుని బయల్దేరింది. నూట యాభై ఏళ్ళ కిందట సర్వే చేసినవాళ్ళు, గొర్రెల మందలు మేస్తూ నడిచి వెళ్ళడానికని ఆ రోడ్డుని మూడు సర్వే గొలుసుల వెడల్పున వదిలారు. ఇప్పటి లెక్కలో అరవై మీటర్లు. పేరు కూడా అదే నిలిచింది. ఆ పేరుకి అర్థం ఉండొచ్చన్న అనుమానం కౌన్సిల్‌లో ఎవరికీ వచ్చినట్టు లేదు. ఇరవై ఏళ్ళ కిందటి దాకా కరువొస్తే హెస్టర్ గొర్రెలు దాని మీదే మేసేవి. ఇప్పుడు కంచెల మధ్య చోటు చాలదని కౌన్సిల్ మేపడానికి అనుమతి ఇవ్వటం లేదు. చోటెలా తగ్గిందని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆవిడ గేటుకి ఎదురుగా, తారు అంచు పక్కన, రోడ్డు స్థలం మధ్యరేఖకి గుర్తుగా పాతిన పాత సర్వే రాయి ఉంది. మట్టి తవ్వితే బాణం గుర్తు కనబడింది. అక్కణ్ణుంచి ముప్ఫై మీటర్లు దక్షిణానికి లాగింది. కంచె దాటి, చెట్ల వరస దాటి, క్లైవ్ కొయ్యకాళ్ళ మధ్యలో పడింది మేకు. కంచెకి పదహారు మీటర్లు లోపల. అంత వెడల్పున, రెండు మైళ్ళ పొడవున, ఇరవై ఏళ్ళుగా పండిన గోధుమ! తెల్లకాకాతువలు గుంపుగా లేచి తిట్టుకుంటూ పోయాయి. హెస్టర్ మేకుని సుత్తితో దిగ్గొట్టింది. ఒళ్ళంతా తేలికైనట్టనిపించింది.

తర్వాత ఉత్తరానికి, తన వైపుకి లాగింది. ఉత్తరం వైపు లాగాల్సిన పని నిజానికి లేదు. కొలత మొదలుపెట్టాక సగంలో ఆపడం ఆవిడకి చేతకాదు. టేపు తన కంచె దగ్గర ఆగలేదు. కంచె కింద నుంచి దూరి, గొర్రెల్ని లారీకి ఎక్కించే వాలుబల్ల దాటి, వాళ్ళ నాన్న కట్టిన గొర్రెల దొడ్డిలో మూడో గది దాకా వెళ్ళింది. నాలుగు మీటర్లు.

ఆవిడ మళ్ళీ కొలిచింది. మూడోసారి కొలిచింది. వాలుబల్ల అంచున కూర్చుని నాన్నని ఒక మాట అంది. ఉన్ని కత్తిరించేవాళ్ళు రెండు వారాల్లో వస్తారు. దొడ్డి లేకుండా అరవై గొర్రెల్ని ఎక్కడ ఆపాలి? ఇన్నాళ్ళూ క్లైవ్‌ని చూసి మూతి తిప్పుకున్నది ఈ గడప మీద నిలబడే. చెమట పట్టిన మొహం చేత్తో తుడుచుకుంటే మట్టంటింది.

బుధవారం క్లైవ్ వచ్చాడు, వాళ్ళావిడ చేసిన పళ్ళ కేకు పట్టుకుని. టోపీ తీయలేదు. మేకు అతనికి కనబడిందన్నమాట.

"కొలతలు కొలుస్తున్నావట."

"నీ వాంగ్మూలం చదివాను. చక్కగా రాశావు."

అతను దవడ కదిలించాడు గాని కోపం తెచ్చుకోలేదు. "నేనూ పాత పటం చూశాను హెస్టర్. నీ దొడ్డి కూడా రోడ్డులోనే ఉంది. ఇద్దరం కలిసి ఒక దరఖాస్తు పెడదాం. రోడ్డుకి అంత వెడల్పు అక్కర్లేదు, అంచులు మాకు అమ్మేయండి అని. డారిల్ సరేనన్నాడు. నీ దొడ్డి నీకుంటుంది. రేపు నీ జరిమానా ఎత్తేస్తారు."

"చెట్లు?"

"చెట్లు ఎవరికి కావాలి? ఎప్పుడు ఏ కొమ్మ ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు. నువ్వే చూశావుగా."

కాగితం బల్ల మీద పెట్టాడు. పెన్ను కూడా తెచ్చాడు. హెస్టర్ మనసులో లెక్క వేసుకుంది. కూలికి మనిషిని పెట్టుకునే స్తోమతు లేదు. ఆ కొయ్యస్తంభాలు ఒక్కోటీ రెండడుగుల లోతున పాతినవి. మోకాళ్ళు గుర్తొచ్చాయి. సంతకానికి ఎంతసేపు పడుతుంది? ఆ ఆలోచన రావడం ఒక సంగతి, అది ఆవిడకి హాయిగా అనిపించడం ఇంకో సంగతి. ఆ హాయికి ఆవిడకి తన మీద తనకే ఏవగింపు పుట్టింది.

"రేపటి దాకా ఆలోచించుకుంటాను."

"నువ్వు తెలివైనదానివని నాకు ఎప్పుడూ తెలుసు," అన్నాడు క్లైవ్. పెన్ను వదిలేసి వెళ్ళాడు. కేకు బాగుంది. ఆవిడ రెండు ముక్కలు తింది.

గురువారం రెండింటికి సమావేశం. క్లైవ్ కాక ఆరుగురు సభ్యులు, మేయరమ్మ, నీళ్ళ సీసాలు. ఫిర్యాదు తనదే కాబట్టి క్లైవ్ నియమం ప్రకారం బల్ల దగ్గర్నుంచి లేచి, వెనక జనం కుర్చీల్లో కూర్చున్నాడు. హెస్టర్‌ని చూసి తలూపాడు కూడా. గోడ పక్కన లియాన్ ఫైళ్ళతో నిలబడింది.

డారిల్ చదివాడు. "శ్రీమతి ట్రెలోర్ వయసునీ, పరిస్థితినీ దయతో గమనించి నోటీసు వెనక్కి తీసుకోవలసిందిగా సిఫార్సు."

"దయ" అనగానే సభ్యులందరూ కొంచెం నిటారుగా కూర్చున్నారు. ఖర్చు లేని మంచితనం దొరికినప్పుడు మనుషుల మొహాల్లో వచ్చే కాంతి వాళ్ళ మొహాల్లో వచ్చింది.

"మీరేమైనా చెప్పుకోవాలా హెస్టర్?" అడిగింది మేయరమ్మ.

హెస్టర్ లేచింది. ఇంటి దగ్గర అనుకున్న మాటలు సగం మర్చిపోయింది. "వెనక్కి తీసుకోకండి. కర్ర నేనే తీసుకున్నాను. జరిమానా కట్టేస్తాను."

గదిలో ఎవరో కుర్చీ సర్దుకున్నారు.

"కాని రద్దు చేస్తుంటే..." అన్నాడు డారిల్.

"వద్దంటున్నానుగా. తప్పు తప్పే. ఆ చెట్టు కౌన్సిల్ రోడ్డు స్థలంలోది. మీ నోటీసు అదే అంటోంది, డారిల్ సోమవారం అదే అన్నాడు, క్లైవ్ సంతకం పెట్టి మరీ అన్నాడు. నాకు కావలసింది ఒక్కటే. ఆ మాట మినిట్స్‌లో రాయండి. ఆ చెట్టుతో సహా వరసలోని తొమ్మిది చెట్లూ రోడ్డు స్థలంలోవి అని. మళ్ళీ ఇంకొకరు నాలా పొరపాటు పడకుండా."

"అందులో అభ్యంతరం ఏముంది?" అంది మేయరమ్మ. జరిమానా కడతానని బతిమాలుకునే మనిషిని ఆవిడ ఇంతవరకు చూడలేదు. త్వరగా తేలిపోతుందని సంతోషించింది కూడా. "ఎవరు ప్రతిపాదిస్తారు?"

వెనక క్లైవ్ లేచి నిలబడ్డాడు. "ఒక్క నిమిషం..."

"క్లైవ్, ఈ విషయంలో మీరు మాట్లాడకూడదు కదా," అంది మేయరమ్మ మర్యాదగా.

డారిల్ నోరు తెరిచాడు. తెరిచిన నోటికి ఏ మాట సరిపోతుందో వెతికాడు. లేదంటే నోటీసు అబద్ధమవుతుంది, అవునంటే దరఖాస్తు. చివరికి నవ్వాడు. ఆరు చేతుల్లో అయిదు లేచాయి. ఆరో ఆయన కునికిపాటులో ఉన్నాడు. గుమస్తా ఆ మాట టకటక టైపు కొట్టింది.

"ఇంకోటి," అంది హెస్టర్. సంచిలోంచి కొలతల కాగితం తీసి మేయరమ్మ ముందు పెట్టింది. "చెట్లు రోడ్డువైతే, కంచె పదహారు మీటర్లు జరగాలి. సర్వే వాళ్ళని పిలవండి. పిలిచినప్పుడు నా వైపు కూడా గుర్తు పెట్టమనండి. నా దొడ్డి నాలుగు మీటర్లు రోడ్డులో ఉంది. మా నాన్న కట్టాడు, నేను వాడుకున్నాను."

అప్పుడు లియాన్ ఫైళ్ళు కిందికి దించి ఆవిడ వంక చూసింది. క్లైవ్ ఒక్కడే మాట్లాడాడు, నియమం మర్చిపోయి.

"పిచ్చిదానా! నీకేం మిగిలింది ఇందులో?"

హెస్టర్ అతని పెన్ను సంచిలోంచి తీసి అతని చేతిలో పెట్టింది.

తొమ్మిది చెట్ల దరఖాస్తు ఆ రోజు చర్చకే రాలేదు. డారిల్ దాన్ని "సాంకేతిక కారణాల వల్ల" వాయిదా వేశాడు. వారం తిరక్కుండా సర్వే వాళ్ళు వచ్చి రెండు వైపులా తెల్ల కర్రలు పాతారు. కౌన్సిల్ క్లైవ్‌కి కంచె జరపడానికి ఆరు నెలలు గడువిచ్చింది. హెస్టర్‌కి ముప్ఫై రోజులు. ఆ తేడా ఎందుకని అడిగితే, పెద్ద పొలానికి పెద్ద గడువు అన్నాడు డారిల్. ఆవిడ అప్పటికే గునపం పట్టుకుంది.

స్తంభం చుట్టూ తవ్వాలి, నీళ్ళు పోసి నాననివ్వాలి, ఇటూ అటూ ఊపాలి, జాకీ పెట్టి లేపాలి. రోజుకి మూడు. నాలుగో రోజు శనివారం లియాన్ తన సొంత కారులో వచ్చింది, తోలు చేతితొడుగులు వేసుకుని.

"ఇష్టపడి వచ్చావా, పంపించారా?" అంది హెస్టర్.

"శనివారం ఎవరూ పంపించరండీ."

"ఆ చివర పట్టుకో అయితే. వేళ్ళు జాగ్రత్త."

ఉన్ని కత్తిరింపు దొడ్డి సగంలో ఉండగానే అయిపోయింది. రేకులూ తాళ్ళూ కట్టి గొర్రెల్ని ఆపారు. అయిదు తప్పించుకున్నాయి. కత్తిరించేవాళ్ళు తిట్టిన తిట్లకి కుక్క కూడా దూరంగా వెళ్ళి పడుకుంది.

క్లైవ్ ఆరో నెల ఆఖరి వారంలో కంచె పీకించాడు, ఒక్కరోజు కూడా ముందు కాదు. అప్పటికి వానలు పడి, దున్నని ఆ అంచులో గడ్డి మోకాలెత్తు లేచింది. హెస్టర్‌కి మేత అనుమతి కాగితం వచ్చింది. డారిల్ సంతకంతో.

ఆ పొద్దున ఆవిడ గేటు తీసి మందని రోడ్డు మీదికి వదిలింది. గొర్రెలు తారు దాటి, పాత కంచె ఉన్న చోటు దాకా వెళ్ళి ఆగిపోయాయి. అక్కడ కంచె లేదు, స్తంభం లేదు, తీగ లేదు. పూడ్చిన గుంటల మట్టి తప్ప ఏమీ లేదు. అవతల గడ్డి పచ్చగా ఊగుతోంది. అరవై గొర్రెలూ లేని కంచెకి ఇవతల వరసగా నిలబడి దానివంక చూస్తున్నాయి.

"వెళ్ళండే, మొద్దు మొహాల్లారా!" అని అరిచింది హెస్టర్.

కుక్క వెనక నుంచి ఒత్తిడి చేసింది. ముందున్న ముసలి గొర్రె రెండడుగులు వెనక్కి వేసి, ఒక్క ఊపున గాలిలోకి ఎగిరి, లేని తీగమీంచి దూకింది. దాని వెనక రెండోది, సరిగ్గా అంతే ఎత్తున. తర్వాత మూడోది. ఒక్కటి కూడా నడిచి దాటలేదు. బక్కపిర్రలు ఎగరేసుకుంటూ అరవై గొర్రెలూ ఒకదాని తర్వాత ఒకటి దూకుతుంటే హెస్టర్ పొట్ట పట్టుకుని నవ్వింది. ఇంత తెలివితక్కువ ప్రాణుల్ని దేవుడు కౌన్సిల్ బయట కూడా పుట్టించాడు కదా అనుకుంది.

చివరిది దూకాక ఆవిడ చెట్ల కింద నీడకని వాటి వెంట నడిచింది. పూడ్చిన గుంటల వరస దగ్గరికొచ్చేసరికి కుడి మోకాలు దానంతటదే పైకి లేచింది. తీగ దాటడానికి ఇరవై ఏళ్ళుగా లేచినంత ఎత్తుకి. ఆవిడ కాలు గాల్లోనే ఆపి, దానివంక చూసి, "థూ!" అంది. కాలు మామూలుగా కింద పెట్టి అవతలికి వెళ్ళింది.